తరగతిలో మీ అంచనా పిల్లల చదువుకు అడ్డుపడకుండా చూసుకోవడం ఎలా?

"వీడు చేయలేడు అని టీచర్ మనసులో అనుకుంటే పిల్లవాడు నిజంగానే వెనకబడతాడా? చేయగలడు అనుకుంటే ముందుకొస్తాడా? అనుకుంటే చాలా, ఇంకేమైనా చేయాలా?" ఉపాధ్యాయులు, ట్యూషన్ చెప్పేవాళ్లు, తల్లిదండ్రులు ఈ మూడు ప్రశ్నలే మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. కొందరు యద్భావం తద్భవతి అని తేల్చేస్తారు. కొందరు ఇవన్నీ కాకమ్మ కబుర్లని కొట్టిపారేస్తారు.

మీ మనసులో ఏముందో పిల్లవాడికి కనిపించదు. జవాబు కోసం మీరు ఎంతసేపు ఆగారో, ఎలాంటి ప్రశ్న అడిగారో, తప్పు చెప్పాక ఏం చేశారో మాత్రం బాగా కనిపిస్తుంది. అంచనా పిల్లవాడిని చేరేది ఆ దారుల్లోనే. అందుకే ఇక్కడ మనసు మార్చుకోమని చెప్పడం లేదు, పీరియడ్‌లో చేసే పనులు మార్చుకోమని చెబుతున్నాను. మనసు సంగతి తర్వాత అదే చూసుకుంటుంది.

ముందు ఇంత తెలిస్తే చాలు

ఈ విషయంలో అందరూ చెప్పే ప్రయోగం ఒకటుంది. అమెరికాలో రాబర్ట్ రోసెంతాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, లెనోర్ జాకబ్సన్ అనే ప్రాథమిక పాఠశాల ప్రిన్సిపాల్ కలిసి ఒక బడిలో పిల్లలకు పరీక్ష పెట్టారు. తర్వాత తరగతికి దాదాపు 20 శాతం మంది పేర్లు టీచర్లకు ఇచ్చి, "ఈ ఏడాది వీళ్లు బాగా ముందుకొస్తారు" అన్నారు. నిజానికి ఆ పేర్లు పరీక్షను బట్టి ఎంచినవి కావు, గుడ్డిగా తీసినవి. ఏడాది తర్వాత చూస్తే ఒకటో తరగతిలో ఆ పిల్లల ప్రజ్ఞాంకం (ఐక్యూ) సగటున 27 పాయింట్లు పెరిగింది, మిగతావారిది 12 మాత్రమే పెరిగింది. ఈ ఫలితాలు 1968లో పుస్తకంగా వచ్చాయి.

సాధారణంగా కథ ఇక్కడితో ఆపేస్తారు. అంత తేడా కనిపించింది ఒకటి, రెండు తరగతుల్లోనే. పై తరగతుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. వాడిన పరీక్ష చిన్నపిల్లల విషయంలో నమ్మదగినది కాదని అప్పుడే విమర్శలు వచ్చాయి. 1984లో స్టీఫెన్ రౌడెన్‌బుష్ ఇలాంటి 18 ప్రయోగాలను కలిపి చూశాడు. పిల్లలతో టీచర్‌కు పరిచయం రెండు వారాలు దాటాక ఎవరో వచ్చి "వీడు తెలివైనవాడు" అని చెబితే ప్రభావం దాదాపు ఏమీ లేదని తేలింది. 2005లో లీ జస్సిమ్, కెంట్ హార్బర్ అప్పటివరకు జరిగిన పరిశోధన అంతా సమీక్షించి, ఈ ప్రభావం నిజమే గాని మామూలుగా చిన్నదని, సమాజం ముందే చిన్నచూపు చూసే పిల్లల మీద మాత్రం బలంగా ఉండవచ్చని రాశారు.

కాబట్టి అద్భుతాలు ఆశించకండి. అలాగని వదిలేయకండి కూడా. ఆ చివరి మాట మన బడులకు ఎంత దగ్గరిదో చెప్పనక్కర్లేదు.

కావలసినవి

- హాజరు పట్టీ నకళ్లు రెండు
- మాటలు రికార్డు చేసే ఫోను (వీడియో వద్దు)
- ఒక ఖాళీ డబ్బా, పిల్లల పేర్లు రాసిన చీటీలు
- తాళం వేసుకోగల సొరుగు
- నోరు జారని సహోద్యోగి ఒకరు. దొరకకపోతే ఒంటరిగానూ చేయవచ్చు
- ఆరు వారాల ఓపిక

రికార్డింగ్‌కు ముందు ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకోండి. ఆ శబ్దం మీరు వినడానికే. ఏ గ్రూపులోనూ పెట్టకండి, పని అయ్యాక తుడిచేయండి.

1. మీ అంచనాను కాగితం మీద పెట్టండి

మార్కుల రిజిస్టరు మూసి పక్కన పెట్టండి. హాజరు పట్టీ నకలులో ప్రతి పేరు ఎదురుగా, వచ్చే యూనిట్ టెస్టులో ఆ విద్యార్థికి ఎన్ని మార్కులు వస్తాయనుకుంటున్నారో రాయండి. ఆలోచించవద్దు, ఒక్క ఊపులో రాసేయండి. తర్వాత ప్రతి అంకె పక్కన కారణం ఒక ముక్కలో రాయండి.

ఇప్పుడు ఎర్ర పెన్ను తీసుకోండి. గత నెల రోజుల్లో ఆ విద్యార్థి రాసిన పని, చెప్పిన జవాబు తప్ప మిగతా కారణాలన్నీ కొట్టేయండి. "వాళ్ల అన్న కూడా ఇంతే", "చేతిరాత చూడలేం", "ఆ పేట పిల్లలు", "ఎప్పుడూ కిటికీలోంచి చూస్తుంటాడు", "ఇంట్లో చదివినవాళ్లు లేరు", "పోయినేడు టీచర్ చెప్పింది". ఇవేవీ ఆధారాలు కావు. కొట్టేశాక ఏ కారణమూ మిగలని పేర్లకు గుండ్రంగా సున్నా చుట్టండి. నోరెత్తని పిల్లల పేర్లు ఇందులో ఎక్కువగా ఉంటాయి.

మీరు అందరికంటే తక్కువ వేసిన ఐదుగురిని, అందరికంటే ఎక్కువ వేసిన ఐదుగురిని గుర్తుపెట్టుకోండి. ఇకపై పోల్చేది వీళ్లనే.

జాగ్రత్త: ఈ కాగితం ఒక్క విద్యార్థి కంట పడినా ఇప్పటిదాకా చెప్పిన పని అంతా తలకిందులవుతుంది. సొరుగు అందుకే.

2. మూడు పీరియడ్లు రికార్డు చేసి వినండి

మూడు ఎందుకంటే, మొదటిసారి ఫోను ఆన్‌లో ఉందన్న స్పృహతో అందరం మంచివాళ్లమైపోతాం. ఇంటికి వెళ్లాక వింటూ, ప్రశ్న అడిగిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి.

ఎవరిని అడిగారు? గుర్తుంటే చెప్పేసే ప్రశ్నా, "ఎందుకు, ఎలా" అనే ప్రశ్నా? జవాబు కోసం ఎన్ని సెకన్లు ఆగారు? జవాబు తప్పయితే, లేదా రాకపోతే, మళ్లీ అడిగారా, మీరే చెప్పేశారా, పక్కవాళ్లకు మళ్లించారా?

జెరె బ్రోఫీ, థామస్ గుడ్ 1970లో ప్రచురించిన పరిశీలనలో సరిగ్గా ఈ నాలుగో దగ్గరే తేడా పట్టుకున్నారు. బాగా చదువుతారనుకున్న పిల్లలు తడబడితే టీచర్లు ప్రశ్నను మార్చి అడిగారు, ఆధారం అందించారు. చదవరనుకున్న పిల్లలు తడబడితే జవాబు చెప్పేయడమో, ఇంకొకరిని లేపడమో ఎక్కువ. అలా చేస్తున్నట్టు టీచర్‌కు తెలియదు, పైగా పిల్లవాడిని అవమానం నుంచి కాపాడుతున్నామనే అనుకుంటాం.

రికార్డింగ్ కుదరకపోతే, వెనక బెంచీలో కూర్చుని గీతలు పెట్టమని సహోద్యోగిని అడగండి. ఆ పది పేర్లలో ఎవరిది ఏ జట్టో ఆయనకు చెప్పకండి. చెబితే ఆయన కూడా ఆ కళ్లతోనే చూస్తారు.

3. మూడు సెకన్లు ఆగండి

మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యా పరిశోధకురాలు 1970ల్లో టేపులు పెట్టి లెక్కగట్టింది. ప్రశ్న వేశాక టీచర్లు ఆగుతున్నది సగటున ఒక సెకను మాత్రమే. వెనకబడ్డారనుకున్న పిల్లలకు ఆ సమయం ఇంకా తక్కువ. మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు మాట్లాడారు.

చేసే పద్ధతి: ప్రశ్న ముందు, పేరు తర్వాత. "శ్రీను, 12 యొక్క కారణాంకాలు ఏమిటి?" అంటే శ్రీను తప్ప మిగతావాళ్లంతా ఊపిరి పీల్చుకుంటారు. "12 యొక్క కారణాంకాలు ఏమిటి?" అని ఆగి, మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి, అప్పుడు పేరు పిలవండి. పేరు పిలిచాక మళ్లీ మూడు.

ఆగడమంటే గుడ్లురిమి చూస్తూ నిలబడటం కాదు. నల్లబల్ల వైపో, పుస్తకం వైపో చూడండి. మొదటి వారం ఆ నిశ్శబ్దం మీకే భరించరానిదిగా ఉంటుంది. ముందు బెంచీవాళ్లు "సార్, నేను సార్" అని చేతులూపుతారు. చేతులు దించమని నెమ్మదిగా చెప్పండి. గోల ఆగకపోతే అందరినీ నోటుపుస్తకం చివరి పేజీలో జవాబు రాయమనండి, అప్పుడు పిలవండి.

4. పేర్ల చీటీలు తీయండి

ఎవరిని అడగాలో మీరు ఎంచుకోవద్దు, డబ్బా ఎంచుకుంటుంది. తీసిన చీటీని మళ్లీ డబ్బాలోనే వేయండి. బయట పెట్టేస్తే "నా వంతు అయిపోయింది" అని ఆ విద్యార్థి పాఠం వినడం ఆపేస్తాడు.

లేచి నిలబడితేనే వణికిపోయే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్లను డబ్బా నుంచి తీసేయకండి, తీసేస్తే మళ్లీ మొదటికే వస్తాం. అడగబోయే ప్రశ్న ముందు రోజే చెవిలో వేయండి. లేదా జవాబు చెప్పేముందు పక్కవాళ్లతో అర నిమిషం మాట్లాడుకోవడానికి అందరికీ వీలివ్వండి.

5. తప్పు జవాబు దగ్గర ఆగిపోండి

వీటన్నిటిలోనూ ఒకటే చేయగలనంటే దీన్ని చేయండి. కష్టమైనదీ ఇదే.

ఏడో తరగతి, భిన్నాలు. ½ + ⅓ ఎంత? చీటీలో పేరు వచ్చిన అమ్మాయి లేచి, "రెండు బై ఐదు టీచర్" అంది. తరగతి నవ్వింది. ఇక్కడ మూడు దారులు. "కాదు, కూర్చో. లత, నువ్వు చెప్పు" అనడం మొదటిది. "ఐదు బై ఆరమ్మా, కసాగు తీసుకోవాలి కదా" అని జాలిగా చెప్పేయడం రెండోది. రెండింట్లోనూ ఆ అమ్మాయి నేర్చుకునేది ఒక్కటే: నన్ను అడగడం మొక్కుబడి.

మూడోది ఇలా నడుస్తుంది.

"సరే. ఎలా చేశావో చెప్పు."

"పైవి కలిపాను, కిందవి కలిపాను టీచర్."

"ఒకటి బై రెండు పెద్దదా, రెండు బై ఐదు పెద్దదా?"

(ఒకటి, రెండు, మూడు.)

"ఒకటి బై రెండు."

"సగం రొట్టె నీ దగ్గరుంది. ఇంకో ముక్క ఇచ్చాను. ఇప్పుడు నీ దగ్గరున్నది సగం కంటే తక్కువా?"

ఇక్కడ ఆ అమ్మాయి మొహం మీరే చూడండి. జవాబు ఇంకా రాకపోవచ్చు. ఫరవాలేదు. "కింది అంకెలు ఒకటే అయ్యేలా రాసి చూడు, రెండు నిమిషాల్లో మళ్లీ నీ దగ్గరికే వస్తాను" అని చెప్పండి, చెప్పినట్టే తిరిగి వెళ్లండి. మరిచిపోతే మొదటి రెండు దారులకు దీనికి తేడా లేదు.

మొత్తం ఒకటిన్నర నిమిషం పడుతుంది. "సిలబస్ అవ్వద్దా?" అంటారు. ప్రతి తప్పుకూ ఇలా చేయలేరు, నిజమే. పీరియడ్‌కు రెండుసార్లు చేయండి. ఆ రెండూ మీరు తక్కువ అంచనా వేసిన పిల్లల దగ్గర పడేలా చూసుకోండి.

6. లెక్క తగ్గించకండి, ఆసరా ఇవ్వండి

వెనకబడ్డారని ఒక జట్టుకు ఏడాది పొడవునా కూడికలే ఇస్తే ఏడాది చివర వాళ్లకు వచ్చేవి కూడికలే. అందరికీ అదే లెక్క ఇవ్వండి. కొందరికి మొదటి మెట్టు చేసి ఇవ్వండి, కొందరికి పట్టిక ఇవ్వండి, కొందరికి ఏమీ ఇవ్వకండి. స్థాయిని బట్టి జట్లు చేయడం తప్పు కాదు, చదవడం రాని పిల్లలకు అది అవసరం కూడా. కానీ జట్లు మూడు వారాలకోసారి కదలాలి. జూన్‌లో పెట్టిన జట్టు మార్చిలోనూ అలాగే ఉంటే దానికి జట్టు అనే పేరు తగదు.

మెచ్చుకోలు కూడా ఇక్కడే చూసుకోండి. రెండు ఒకట్లు రెండు అన్నందుకు చప్పట్లు కొట్టిస్తే పదమూడేళ్ల పిల్లవాడికి అర్థమయ్యేది "నా నుంచి వీళ్లు ఆశించేది ఇంతే" అని. కష్టమైన పనిలో ఒక భాగం సరిగ్గా చేసినప్పుడు, ఆ భాగం పేరు చెప్పి మెచ్చుకోండి.

7. పేరు చూడకుండా పేపర్లు దిద్దండి

రీమా హన్నా, లీ లిండెన్ భారతదేశంలో చేసి, 2012లో ప్రచురించిన ప్రయోగం ఇది. పిల్లలు రాసిన పేపర్ల మీద కులం, లింగం, వయసు వివరాలను తమకు తోచినట్టు మార్చి అంటించి టీచర్ల చేత దిద్దించారు. తక్కువ కులమని రాసి ఉన్న పేపర్లకు కాస్త తక్కువ మార్కులు పడ్డాయి. తేడా చిన్నదే, కానీ పేపరులో ఉన్నది ఏదీ మారలేదు.

పేరు, రోల్ నంబరు చివరి పేజీ వెనక రాయించండి. ఒక్కొక్క పేపరు పూర్తిగా దిద్దకండి. అందరి మొదటి ప్రశ్న దిద్ది, కట్టను కలిపేసి, అందరి రెండో ప్రశ్న దిద్దండి. మొదటి జవాబు బాగుందన్న దయ రెండో జవాబుకు పాకదు. చేతిరాత గుర్తుపడతారు, దానికి మందు లేదు. వీలైతే మీ పక్క సెక్షన్ టీచర్‌తో కట్టలు మార్చుకోండి.

8. అందరి ముందూ చదివేవాటిని ఆపండి

కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిల చేత కాగితం మీద చిక్కుదారుల పజిళ్లు చేయించారు. కులం ప్రస్తావన లేనప్పుడు పై కులాల పిల్లలూ, తక్కువ కులాల పిల్లలూ సమానంగా చేశారు. పేరు, ఊరు, తండ్రి, తాత పేర్లతో పాటు కులాన్ని కూడా అందరి ముందూ చదివాక, తక్కువ కులాల పిల్లలు చేసిన పజిళ్లు దాదాపు 20 శాతం తగ్గిపోయాయి. అవే పజిళ్లు, అలాంటి పిల్లలే.

ఇప్పుడు మీ బడిలో స్కాలర్‌షిప్ ఫారాల కోసం ఎవరెవరు లేచి నిలబడాలో ఎలా పిలుస్తున్నారో చూడండి. మార్కులు తక్కువ నుంచి ఎక్కువకు చదవడం, ర్యాంకును బట్టి బెంచీలు, "డల్ బ్యాచ్" అనే పిలుపు, స్టాఫ్ రూమ్ తలుపు తెరిచి పెట్టి పిల్లల గురించి మాట్లాడుకోవడం కూడా ఇదే కోవలోవి. ఫారాలు ఒక్కొక్కరినీ పిలిచి తీసుకోండి. మార్కులు కాగితం మడిచి చేతికివ్వండి. సెక్షన్లు ర్యాంకులతో విడదీయడం మీ చేతిలో లేకపోతే, కనీసం మీ నోటితో ఆ సెక్షన్‌కు పేరు పెట్టకండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, నమ్మకాన్ని టార్గెట్‌గా మార్చడం. "నువ్వు చేయగలవు, నాకు 95 రావాలి" అన్న వాక్యంలో మొదటి సగం మొహమాటం, రెండో సగమే అసలు మాట. ఇంటర్ చదివే పిల్లల ఇళ్లలో ఇది రోజూ వినిపిస్తుంది. మంచి అంచనా అంటే ఎక్కువ సాయం, ఎక్కువ సమయం, కష్టమైన పని ఇచ్చే ధైర్యం. మార్కు చెప్పి చేతులు కట్టుకుని కూర్చోవడం అప్పు వసూలు లాంటిది. తల్లిదండ్రులకు నేను చెప్పే ప్రత్యామ్నాయం: "ఎన్ని వచ్చాయి?" బదులు "ఏ లెక్క దగ్గర ఆగిపోయావు?" అని అడగండి, విన్నాక ఉపన్యాసం ఇవ్వకండి.

ఉత్తుత్తి నమ్మకం రెండోది. తరగతి అంతటి ముందూ "రవి ఈసారి ఫస్టు వస్తాడు చూడండి" అంటే రవి కూడా నమ్మడు.

మూడోది, అసలు కారణాన్ని వదిలేయడం. బోర్డు కనిపించని పిల్లవాడికి ఎన్ని సెకన్లు ఆగినా లాభం లేదు. ఐదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి ఆరులో ఇంగ్లిషు మాధ్యమంలోకి వచ్చిన అమ్మాయికి లెక్క రాకపోవడం కాదు, ప్రశ్న అర్థం కాకపోవడం సమస్య కావచ్చు. చూపు, వినికిడి, ఉదయం ఏమైనా తిన్నాడా లేదా, భాష, గైర్హాజరు: ముందు ఈ ఐదూ చూడండి.

బాగా చదివేవాళ్లను పట్టించుకోకుండా వదిలేయడం అవసరం లేదు. వాళ్ల సమయం లాక్కోమని ఇక్కడ ఎక్కడా చెప్పలేదు.

ఫలితం ఎలా చూసుకోవాలి?

మార్కులు కొలవకండి, ముందు మిమ్మల్ని కొలవండి. నాలుగో వారం మళ్లీ మూడు పీరియడ్లు రికార్డు చేయండి. పై ఐదుగురి దగ్గర, కింది ఐదుగురి దగ్గర మీరు ఆగిన సెకన్లు, అడిగిన "ఎందుకు" ప్రశ్నలు, తప్పు తర్వాత నిలిచిన సందర్భాలు పక్కపక్కన వేయండి. రెండూ దగ్గర పడకపోతే పిల్లల్లో మార్పు వెతకడం తొందరపాటు. మూడో మెట్టుకు తిరిగి వెళ్లండి.

తర్వాత పిల్లల వైపు చూడండి. మొదట కనిపించేది మార్కు కాదు. "తెలీదు టీచర్" తగ్గుతుంది, తప్పు జవాబులు పెరుగుతాయి. కంగారు పడకండి, ఇదివరకు నోరు తెరవనివాళ్లు తెరుస్తున్నారని అర్థం. నోటుపుస్తకాల్లో ఖాళీగా వదిలేసిన లెక్కలు ఎన్నో చూడండి, అవి తగ్గాలి.

ఆరో వారం యూనిట్ టెస్టు అయ్యాక సొరుగు తెరిచి మొదటి కాగితం తీయండి. మీ అంకెకు, వచ్చిన మార్కుకు మధ్య దూరం ఎంత? సున్నా చుట్టిన పేర్ల దగ్గర మీ అంచనా ఎక్కువసార్లు తప్పితే, ఆధారం లేకుండా వేశారని తెలిసిపోయినట్టే. ఎవరి విషయంలోనైనా అంచనా సరిగ్గానే ఉండి మార్కు తక్కువే వస్తే, మీరు చెడ్డ టీచర్ అయిపోరు. చాలా అంచనాలు నిజంగానే సరైనవి. ఏడో తరగతిలో రెండో తరగతి వాచకం చదవలేని పిల్లవాడు ఆరు వారాల్లో ఆ దూరం దాటలేడు. ఎక్కడ మొదలుపెట్టాలో ఆ అంకె చెబుతుంది, ఎక్కడ ఆపాలో చెప్పదు. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకండి, ఇంకో రెండు టెస్టులు చూడండి.

ట్యూషన్‌లో పదిమందే ఉంటే చీటీలు, రికార్డింగ్ అక్కర్లేదు. 1, 3, 5 మెట్లు చాలు.

వచ్చే జూన్‌కు ఒక పని

కొత్త తరగతి చేతికొచ్చినప్పుడు పాత టీచర్ కబుర్లు రెండు వారాల దాకా వినకండి. రౌడెన్‌బుష్ లెక్క ప్రకారం బయటి మాట బాగా పనిచేసేది పిల్లలతో ఇంకా పరిచయం లేని ఆ రోజుల్లోనే. "ఏడో బెంచీలో ఒకడున్నాడు చూడండి..." అని మొదలవగానే, "పదిహేను రోజులాగి చెప్పండి సార్, రాసుకుంటాను" అనండి. కళ్లజోడు ఎవరికి, మందులు ఎవరు వాడుతున్నారు, ఫిట్స్ వచ్చే పిల్లలున్నారా, ఇంట్లో ఎవరైనా పోయారా అన్నవి మాత్రం మొదటి రోజే అడిగి రాసుకోండి.